విశ్వాసమును వివేచనయు



ఈ సాయంకాలము మీతో కొంతసేపు ముచ్చటింపుమని రేడియోవారు నన్ను కోరినపుడు నాకు సంకోచము కలిగినది. నేను వేదాంత పండితుడను గాను. తిరువూరు ప్రాంతపు పల్లెబడులలో ముప్పదియైదేండ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. మా క్రైస్తవ సంఘమున పెద్దలలో నొకడను. లెక్కల పంతులు దైవవిషయము మాటాడుట యేమని మీరనుకొనవచ్చును. కాని లెక్కయు ప్రార్థనయు నా యింట ఒక కప్పు క్రిందనే కాపురము చేసినవి. కొన్నాళ్లు వానికి పొత్తు కుదిరినది, కొన్నాళ్లు కుదరలేదు. కుదరని నాళ్లలో మా కుటుంబము చెల్లించిన వెలను గూర్చియు నేడు చెప్పవలసియున్నది.

మా మందిరమునకు వచ్చువారు చెప్పులు వాకిట విడిచి లోనికి వత్తురు. పట్నమున చదువుకొనుచున్న పిల్లవాడొకడు సెలవులకు వచ్చి, "తాతగారూ, చెప్పులతోపాటు బుద్ధిని గూడ వాకిట విడిచిరావలెనా?" అని నన్నడిగినాడు. వాని తండ్రి కోపించినాడు. నాకు కోపము రాలేదు. ఆ ప్రశ్న మా సంఘములకు క్రొత్తది కాదు. నిజము చెప్పవలెనన్న, మా సంఘములు పుట్టినదే అట్టి ప్రశ్నవలన.

నాటి కృష్ణా మండలమున రాఘవపురమను పల్లె కలదు. నూటడెబ్బదియేండ్ల క్రిందట అచ్చట పగోలు వెంకయ్య యను నతడుండెను. మాలకులమువాడు, తనవారిలో మాట చెల్లుబడి గలవాడు. 1849 ప్రాంతమున ఎవరో ఆయనతో, మనము మ్రొక్కుచున్న ప్రతిమలు మనుష్యుల చేతిపనులే, దేవుడు వేరుగా నున్నాడని చెప్పిరి. వెంకయ్య ఆ మాటను కొట్టివేయలేదు, వెంటనే మ్రింగనూలేదు. దానిని మనసున త్రిప్పి త్రిప్పి చూచి, నిజమని తోచిన పిమ్మట, తన పూర్వపు పూజలను మానెను. మానిన తరువాత ఆయన చేతిలో మిగిలినదేమి? ఏమియు లేదు. పాతది పోయినది, క్రొత్తది రాలేదు. అప్పుడాయన, నీవెవడవో, ఎచ్చటనున్నావో నాకు తెలుపుమని పేరెరుగని దేవుని ప్రార్థింప నారంభించెను. అట్లు పదియేండ్లు గడచినవి. పిమ్మట బెజవాడలో డార్లింగు అను మిషనరీ యున్నాడనియు, ఆయనయు ఇట్టి మాటయే చెప్పుచున్నాడనియు విని, తనవారిని వెంటబెట్టుకొని పోయి, ఆయన బోధ విని, తాను వెదకుచున్నది ఇదియేయని గుర్తించెను. 1859లో బాప్తిస్మము పొందెను. కృష్ణా మండలపు పల్లెలలోని పెక్కు సంఘములకు ఆ దినమే మొదలు.

శ్రోతలలో అన్ని మతములవారును కలరు. ప్రతిమలను గూర్చి వెంకయ్య తలచిన తలపును నేను చెప్పినది ఎవరిని నొప్పించుటకును గాదు. నేను చూపదలచినది ఆయన నడచిన దారి. ముందు సందేహము, తరువాత ఆలోచన, ఆ తరువాత పదియేండ్ల ప్రార్థన. ఆలోచన ఆయనను పాత యింటినుండి వెలికి తెచ్చినది గాని క్రొత్త యింటి తలుపు తెరువలేకపోయినది. ఆ తలుపు దగ్గర ఆయన నిలిచి తట్టవలసి వచ్చినది. తట్టుటయే విశ్వాసము. ఎవరును పలుకకున్నను పదియేండ్లు తట్టుట సామాన్యమా? ఈ మనుష్యుని గూర్చి తలచినప్పుడెల్ల నాకు, ఈ రెంటిలో నేది గొప్పదని వాదులాడువారు వృథా శ్రమపడుచున్నారని తోచును.

ఇదే కాలమున బందరులో మరియొక విధమైన పని జరుగుచుండెను. 1841లో వచ్చిన రాబర్టు నోబులు, కేంబ్రిడ్జిలో చదివినవాడు, 1843లో అచ్చట పాఠశాల తెరచెను. గణితమును ఆంగ్లమును బైబిలును ఒకే చావడిలో చెప్పిరి. 1852లో ఆ పాఠశాల విద్యార్థులు మంచాల రత్నము, అయినాల భూషణము అను నిరువురు బాప్తిస్మము పొందగా ఊరంతయు గగ్గోలుపడి, పాఠశాల దాదాపు ఖాళీయైనది. ఆ యువకులు పోగొట్టుకొన్నది ఇల్లు, కులము, బంధువర్గము. వారిది తెలియక వేసిన అడుగు కాదు. కాని ఒక లోపమును దాచరాదు. ఆ పాఠశాలలో మొదట అంత్యకులముల పిల్లలకు ప్రవేశము లేకుండెను. ప్రతిమలను పరీక్షించిన వివేచన కులము గుమ్మము దగ్గర ఆగిపోయినది. తెలుగు క్రైస్తవులకు కీర్తనలిచ్చిన పురుషోత్తమ చౌదరిగారు, బ్రాహ్మణ కుటుంబమున పుట్టి 1833లో బాప్తిస్మము పొందినవారు, ఈ విషయమున నోబులుకంటె ధైర్యశాలి. కులాచారమును పరీక్షించుచు ఆయన పుస్తకమే వ్రాసి, దానికి "కులాచార పరీక్ష" యని పేరు పెట్టెను. పరీక్ష యను మాటను గమనింపుడు. మేము మందిరములో భక్తితో పాడుకొను కీర్తనలు వ్రాసిన చేయియే ఆ పుస్తకమును వ్రాసినది.

ఒంగోలులో క్లౌ దొరగారి కథ మీలో కొందరు వినియేయుందురు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. ఆయన మిషనరీ కాకపూర్వము భూమి కొలతల పని చేసినవాడు. ఆ విద్య నాశ్రయించి, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి కూలియిప్పించెను. వేలకొలది జనులు బాప్తిస్మ మిమ్మని వచ్చిరి. ఆయన ఇయ్యలేదు! పదునైదు నెలలు ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చుచున్నారో దేవునికొరకు వచ్చుచున్నారో తేలవలెననెను. కరవు సహాయము ముగిసిన పిమ్మట, ఇక నా చేత డబ్బు లేదు, మీరు పోవచ్చునని చెప్పినను పోనివారిని విచారించి, అప్పుడు ఇచ్చెను. 1878 జూలై 3వ తేదీని ఒక్క దినముననే 2,222 మంది. ఆ సంఖ్యను చెప్పుకొని మావారు గర్వింతురు. నేను లెక్కల పంతులనైనను ఆ సంఖ్యకంటె ఆ పదునైదు నెలలే నాకు గొప్పగా కనిపించును.

ఇక నా యింటి సంగతి.

నాకొక తమ్ముడుండెను. పందొమ్మిదవయేట వానికి మధుమేహము కనిపించినది. మాత్రలతో ఆగునది గాక, దినదినము ఇన్సులిన్ సూది వేసికొనవలసిన రకము. 1921లో కెనడాదేశమున బాంటింగు, బెస్టు అను నిరువురు ఆ మందును వెలికి తీయకపూర్వము అట్టి రోగము వచ్చిన పిల్లలు కొలదికాలములోనే మరణించెడివారు. మా తమ్ముడు ఆ సూదితో తొమ్మిదేండ్లు చక్కగా బ్రతికినాడు. మామిడితోట చూచుకొన్నాడు, పెండ్లి చేసికొన్నాడు, మందిరములో మద్దెల వాయించెడివాడు. 1987 వేసవిలో మా ప్రాంతమునకు ఒక బోధకుడు వచ్చి మూడు రాత్రులు స్వస్థత కూటములు జరిపెను. ఆయన పేరు చెప్పను. ఆయన నేడు లేడు. మూడవ రాత్రి తమ్ముని తలపై చేయివేసి ప్రార్థించి, నీవు బాగుపడితివి, సూదిని విడువుము, విడువనియెడల నీ నమ్మిక ఏపాటిదని అడిగెను. జనులందరు స్తోత్రము చేసిరి.

నేను ముందువరుసలో కూర్చుండియుంటిని. ఇది తప్పని నాకు తెలియును. ఒంటిలో పుట్టవలసిన రసము పుట్టనప్పుడు బయటినుండి ఇయ్యకున్న నేమగునో పుస్తకములో చదివినవాడను. లేచి చెప్పవలసినది. చెప్పలేదు. పదిమందిలో అవిశ్వాసియని పేరు పడునని భయపడితిని. ఇంటికి వచ్చిన పిమ్మట నైనను చెప్పవలసినది. వాని ముఖమున ఆ రాత్రి యుండిన సంతోషమును చూచి నోరు రాలేదు. మూడవనాటికి దాహము, వాంతులు. నాల్గవనాడు వాని ఊపిరి మాగిన పండువలె వాసన కొట్టినది. మరదలు నన్ను పిలిచినది. బండి కట్టించి తిరువూరు చేర్చి, అచ్చటినుండి మోటారులో బెజవాడకు తీసికొనిపోవుసరికి స్మృతి లేదు. మరునాటి తెల్లవారుజామున పోయినాడు. వానికి ఇరువదియెనిమిదేండ్లు.

బోధకునిమీద నేను చాలకాలము కోపము పెట్టుకొంటిని. నెమ్మదిమీద నాకు తెలిసినదేమన, ఆ రాత్రి తప్పు చేసినవారు ఇద్దరని. ఆయన తాను నమ్మినది చెప్పెను. నేను నమ్మనిది విని ఊరకుంటిని.

తరువాత నేను బైబిలును మరల మొదటినుండి చదివితిని, ఈసారి పంతులు లెక్కను దిద్దునట్లు. అందు నాకు కనిపించినవానిని చెప్పెదను. హిజ్కియా రాజు మరణకరమైన రోగమున పడి కన్నీటితో ప్రార్థించెను. దేవుడు ఆయుష్షు పొడిగించెను. అంతటితో కథ ముగియలేదు. ప్రవక్తయైన యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టుడని చెప్పెను. ప్రార్థన విన్న దేవుడే పట్టు వేయించినాడు! సువార్త వ్రాసిన లూకాను పౌలు వైద్యుడనియే పేర్కొనెను. వైద్యము మానుమని ఆయనతో చెప్పినట్లు ఎచ్చటను లేదు. తరచు జబ్బుపడు తిమోతికి పౌలు తన ఉత్తరములో ఇచ్చిన సలహా మన పెద్దలు మనుమలకిచ్చు సలహావంటిది, కడుపు బాగుండుటకు ఏమి పుచ్చుకొనవలెనో చెప్పినాడు. అన్నిటికంటె నాకు ఆశ్చర్యము కలిగించినది కుష్ఠురోగి కథ. ప్రభువు వానిని ముట్టి బాగుచేసిన పిమ్మట, పోయి యాజకునికి కనబరచుకొనుమనెను. ఆ కాలమున రోగము పోయినదో లేదో పరీక్షించి తేల్చువాడు యాజకుడు. తానే బాగుచేసినవానిని సైతము పరీక్షకు పంపినాడు. మా తమ్ముని, ముందు నెత్తురు పరీక్ష చేయించుకొమ్మని ఆ బోధకుడు ఒక్క మాట చెప్పియుండిన చాలియుండును.

అరణ్యమున శోధన జరిగినప్పుడు, దేవాలయ శిఖరమునుండి దుముకుము, దూతలు నిన్ను పట్టుకొందురని అపవాది చెప్పెను. ఆ మాటకు లేఖనమునే ఆధారముగా చూపెను. ప్రభువు దుముకలేదు. దేవుని శోధింపరాదనెను. సూదిని పారవేసి చూడుమనుట శిఖరమునుండి దుముకుమనుటకంటె వేరా? దానిని విశ్వాసమని పిలుచుట నాకు చేతకాదు.

ఇందుకు తోబుట్టువైన పొరపాటు మరియొకటి కలదు. కష్టము వచ్చినచోటనెల్ల పాపమును వెదకుట. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును సముద్రము ముంచెత్తినది. సుమారు 30,000 మంది మరణించిరి. అందు బాలికల పాఠశాలలోని పసిపిల్లలు కూడ కలరు. ఆ పిల్లలు ఏ పాపము చేసిరి? సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు వారు తక్కినవారికంటె పాపులా యని ప్రభువే అడిగి, కాదని తానే చెప్పెను. పుట్టుగ్రుడ్డివానిని చూపి ఎవరి పాపమని శిష్యులడిగినపుడును వీనిదిగాని వీని కన్నవారిదిగాని కాదనెను. మా తిరువూరునకు సమీపమున ఏ.కొండూరు మండలపు తండాలలో ఇటీవలి సంవత్సరములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. శాపమని గొణిగినవారు లేకపోలేదు. వైద్యులు వచ్చి నెత్తురును, బోరు నీటిని పరీక్షకు పంపిరి. ఆ నీటిమీదనే అనుమానము నిలిచినది. కృష్ణాజలమును తండాలకు తెచ్చు ప్రయత్నము జరిగినది. శాపమని యూరకున్నచో ఆ నీరే త్రాగుచుండెడివారము గదా! రోగి ప్రక్కన కూర్చుండి ప్రార్థించువాడు వాని కుండలోని నీరెక్కడిదని అడుగుట ఆ ప్రార్థనలో భాగమేయని నా అభిప్రాయము.

అట్లయిన అన్నిటిని వివేచనకే వదలి ప్రార్థన మానరాదా యని అడుగువారున్నారు. మన మండలమున ఈ మాటను చిత్తశుద్ధితో అడిగినవారు గోరాగారు. వృక్షశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయుడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని బెజవాడ పటమటకు మార్చెను. అస్పృశ్యతమీద ఆయన చేసిన పోరాటమును చూచినప్పుడు, మందిరములో కూర్చుండు మాలో కొందరు సిగ్గుపడవలసియుండును. ఆయన ప్రశ్నలవలన మాకు మేలే జరిగినది. కాని ఆయన చివరకు నిలిచినచోట నేను నిలువలేను. కారణము చెప్పెదను.

మీరు పెద్దమనుష్యులు. రచ్చబండ దగ్గర కూర్చుండి తగవులు తీర్చినవారు. గట్టు ఎవరు జరిపిరో మీరు కన్నులార చూడలేదు. సాక్షులను పిలిచి, ఎవడు లాభముకొరకు చెప్పుచున్నాడో, ఎవడు నష్టపడియు చెప్పుచున్నాడో, వారి మాటలెచ్చట కలియుచున్నవో, ఎచ్చట కలియుటలేదో చూచి తీర్పు చెప్పుదురు. ఆ తీర్పును మూఢనమ్మకమందురా? అనరు. క్రీస్తు లేచెనను మాటయు ఇట్లే సాక్షుల మాట. దానివలన వారికి దక్కినవి పొలములు గావు, దెబ్బలు, చెరసాలలు. వారిలో తోమాయను శిష్యుడు తక్కినవారు చెప్పినను నమ్మక, గాయములు చూచినగాని ఒప్పననెను. ప్రభువు ఆయనను వెలివేయలేదు; గాయములు చూపెను. చూడక నమ్మినవారు ధన్యులని తరువాత చెప్పినమాట నిజమే. కాని అడిగినవానికి ముందు చూపిన తరువాతనే చెప్పెను.

సాక్ష్యమును తూచువరకు వివేచన పని. తూచిన పిమ్మట మరియొకటి మిగులును. నమ్మదగినవాడని ఎన్ని విధముల తేల్చుకొన్నను, కూతురునిచ్చు దినమున తండ్రి చేయి వణకును. అల్లుని గూర్చి ఊరంతయు విచారించినవాడే. ఆ విచారణ ఎంత చేసినను కన్యాదానము విచారణ కాదు. ఇచ్చివేయుటయే. దేవునియెడల మా విశ్వాసము అట్టిది. విచారింపక ఇచ్చువాడు అవివేకి. విచారణతోనే జీవితమంతయు గడపువాని యింట పెండ్లి జరుగదు.

తమ్ముడు పోయిన రాత్రి మా అమ్మ నన్నొక ప్రశ్న యడిగినది. వాడు నమ్మినాడు గదరా, దేవుడేల ఊరకున్నాడు అని. నేను చదివిన పుస్తకము వాని నెత్తురున జరిగినదానిని చెప్పినది. ఆమె అడిగినది అది కాదు. నాకు జవాబు లేదు. నేటికిని పూర్తిగా లేదు. ఆమెకును రాలేదు. అయినను మరుసటి ఆదివారము ఆమె మందిరమునకు వచ్చి తమ్ముని మద్దెల ప్రక్కన కూర్చున్నది. ప్రశ్నను విడువలేదు, దేవునిని విడువలేదు. ఇంక పదునాలుగేండ్లు బ్రతికి రెంటిని తనతోనే తీసికొనిపోయినది.

అప్పటినుండి మా సంఘమున ఒక అలవాటు పెట్టుకొంటిమి. రోగికొరకు ప్రార్థన యైన వెంటనే పెద్దలలో నొకడు, ఏ వైద్యుని చూచినారు, మందులు జరుగుచున్నవా, తోడు ఎవరు వెళ్లెదరు, బస్సు ఖర్చున్నదా యని అందరియెదుట అడుగవలెను. లేనివారికి కానుక పెట్టెనుండి ఇత్తుము. మొదట కొందరు ఇది మందిరమా ఆసుపత్రియా యని నవ్విరి. బయటినుండి వచ్చు బోధకులకు, మందు మానుమని మా వేదికమీద చెప్పరాదని ముందుగానే తెలుపుదుము. ఒకరిద్దరు కోపించి రాలేదు, రాకపోయిరి.

మా వీధిలో ఒక ముసలమ్మ యున్నది. రక్తపు పోటునకు దినమొక మాత్ర మ్రింగవలెను. అక్షరములు రావు. ప్రతి ప్రొద్దున మాత్రల అట్ట పట్టుకొని మా అరుగు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇదేనా?" అని అడుగును. నేను కండ్లద్దములు పెట్టుకొని పేరు చదివి, ఇదేనని చెప్పుదును. ఆమె మాత్రను అరచేతిలో పెట్టుకొని, కన్నులు మూసికొని, పెదవులు కదలించి, నీళ్లతో మ్రింగును. ఒకనాడు, "మందు మ్రింగునప్పుడు ప్రార్థన చేసిన తప్పా అయ్యగారూ?" అని అడిగినది. తప్పులేదమ్మా, రేపు మాత్రము ఇంతకంటె ఆలస్యముగా రాకుమని చెప్పితిని.